అలెగ్జాండర్, హన్నిబాల్: గెలుపోటముల పట్టీతో తేలని పోలిక

అడిగిన ప్రశ్న: అలెగ్జాండర్ ఒక్క పెద్ద యుద్ధంలోనూ ఓడలేదు. హన్నిబాల్ ఆల్ప్స్ దాటి రోమ్‌ను గడగడలాడించినా చివరికి ఓడిపోయాడు. అంటే అలెగ్జాండరే గొప్ప సేనాని అనుకోవచ్చా?

యుద్ధం జరిగే ఆ ఒక్క పూట సేనను ఆడించిన నేర్పే కొలబద్ద అయితే నేను హన్నిబాల్ వైపు. కోటలు పట్టడం, వేల మైళ్ల దూరం సైన్యానికి తిండి అందిస్తూ నడిపించడం కూడా లెక్కలోకి తీసుకుంటే అలెగ్జాండర్ వైపు. కానీ ఎవరు ఎన్ని గెలిచారన్న పట్టీ చూసి తేల్చకండి. ఒక సైనికుడు పడిపోతే అతని చోటికి రెండోవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు, ఓడిన శత్రువుకి ఎక్కణ్ణుంచి వస్తాడు? ఈ ఇద్దరి కథా అక్కడే విడిపోయింది.

క్రీ.పూ. 336లో ఇరవయ్యేళ్ల వయసులో గద్దెనెక్కిన అలెగ్జాండర్‌కి తండ్రి ఫిలిప్ తీర్చిదిద్దిన సైన్యం సిద్ధంగా ఉంది. దాని నడుమ నిలిచేది ఫలాంక్స్, అంటే ఒకరి వెనక ఒకరు వరుసలుగా ఒత్తుగా నిలిచే కాల్బలం. సైనికుడి చేతిలోని సరిస్సా అనే ఈటె పొడవు అయిదారు మీటర్లు. రెండు చేతులా పట్టుకోవాలి కాబట్టి చిన్న డాలు భుజానికి వేలాడేది. ముందు నాలుగైదు వరుసల ఈటెలు ఒకేసారి బయటికి పొడుచుకొస్తే ఎదురుగా వచ్చేవాడికి సందు దొరకదు. పక్కనుంచి దాడి వస్తే మాత్రం ఆ దళం తిరగలేదు, నేల ఎగుడుదిగుడుగా ఉంటే వరుస చీలిపోతుంది. అందుకే రెండు పక్కలా అశ్వికదళం కాపలా ఉండాల్సిందే. బళ్లు వాడొద్దని, పదిమంది కాల్బలానికి ఒక్క నౌకరే ఉండాలని ఫిలిప్ పెట్టిన కట్టడి వల్లే ఆ సైన్యం అంత వేగంగా కదిలింది. అలెగ్జాండర్ ప్రతిభను తక్కువ చేయడం లేదు, కానీ ఫిలిప్ లేకపోతే ఈ కథే లేదు. పైగా క్రీ.పూ. 334లో ఆసియాకి దాటేటప్పుడు సొంత రాజ్యం మాసిడోనియాలో సేనాని ఆంటిపేటర్ దగ్గర 12,000 కాల్బలాన్ని వదిలివెళ్లాడు. ఆ తర్వాత అక్కణ్ణుంచి కొత్త దళాలు వస్తూనే ఉన్నాయి.

హన్నిబాల్‌కి ఆ వీలు లేదు. క్రీ.పూ. 221లో, 26 ఏళ్ల వయసులో ఉత్తర ఆఫ్రికా తీరంలోని తన సొంత నగరం కార్తేజ్‌కి స్పెయిన్‌లో ఉన్న సేనకు నాయకుడయ్యాడు. ఆఫ్రికన్లు, స్పెయిన్ తెగలవాళ్లు, ఉత్తర ఆఫ్రికాలోని నుమీడియా రౌతులు, దారిలో చేరిన గాల్ జాతివాళ్లు... ఒక్కొక్కరిదీ ఒక్కో భాష, ఒక్కో ఆయుధం. ఆల్ప్స్ దిగేసరికి మిగిలింది 20,000 కాల్బలం, 6,000 గుర్రాలు. అక్కణ్ణుంచి పదిహేనేళ్లు శత్రువు నేల మీదే ఉన్నాడు. క్రీ.పూ. 215లో దక్షిణ ఇటలీలోని లోక్రీ రేవులో దిగిన కొద్దిపాటి సాయం తప్ప సొంత ఊరి నుంచి అందింది దాదాపు ఏమీ లేదు.

యుద్ధకళ దగ్గరికొస్తే అలెగ్జాండర్ గెలిచిన గౌగమేలా (క్రీ.పూ. 331), హన్నిబాల్ గెలిచిన కానే (క్రీ.పూ. 216) యుద్ధాల్ని పక్కపక్కన పెట్టి చూడండి. గౌగమేలాలో పర్షియా చక్రవర్తి డేరియస్ తన కత్తుల రథాల కోసం నేలను చదును చేయించాడు. అలెగ్జాండర్ సేనను ఏటవాలుగా కుడివైపుకి జరుపుతూ ఆ చదును నేల దాటించబోయాడు. అది ఆపాలని పర్షియన్ల ఎడమ పక్క సాగింది, సాగేసరికి నడుమ ఖాళీ పడింది. అశ్వికదళాన్ని మొనలా మలచి ఆ ఖాళీలోంచి నేరుగా డేరియస్ మీదికి దూసుకెళ్లాడు. ఇందులో ప్రమాదం తక్కువేం కాదు. ముందుకెళ్లే తొందరలో ఫలాంక్స్‌లోనూ సందు పడింది. అందులోంచి చొరబడిన శత్రువుల గుర్రాలు వెనక్కి తిరిగి కొట్టకుండా సామాను దోచుకోడానికి పోయాయి. ఎడమ పక్కన అలెగ్జాండర్ సేనాని పార్మేనియన్ ఊపిరాడక పోరాడుతున్నాడు. డేరియస్ ఇంకో గంట నిలబడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

కానేలో శత్రువు తప్పు చేసేదాకా హన్నిబాల్ ఎదురుచూడలేదు, శత్రువు బలాన్నే ఉచ్చుగా వాడుకున్నాడు. రెండేళ్ల ముందు ట్రెబియా దగ్గర గెలిచినా, పదివేలమంది రోమన్లు తన సేన నడుమను చీల్చుకుని బయటపడ్డారు. కానేలో రోమన్లు 80,000 కాల్బలాన్ని వెడల్పు తగ్గించి లోతుగా పేర్చారు, మళ్లీ నడుమను చీల్చాలనే. హన్నిబాల్ దగ్గరున్నది 40,000. నడుమ గాల్‌లను, స్పెయిన్‌వాళ్లను విల్లులా ముందుకు ఉబికించి నిలబెట్టాడు, చివరల్లో ఆఫ్రికన్లను ఉంచాడు. నడుమవాళ్ల పని వెనక్కి తగ్గుతూ రోమన్లను లోపలికి లాగడం. ఇది చెప్పినంత తేలిక కాదు. తగ్గడం పారిపోవడంగా మారితే సేన రెండు ముక్కలవుతుంది. అందుకే తమ్ముడు మాగోతో కలిసి తానే ఆ నడుమ నిలబడ్డాడు. ఈలోగా ఎడమవైపు బరువైన అశ్వికదళం రోమన్ గుర్రాల్ని తుడిచిపెట్టి, అవతలి పక్క నుమీడియన్లకు సాయపడి, ఆపైన రోమన్ల వీపు మీదికి వచ్చింది. ఇరుకున పడ్డ కాల్బలానికి కత్తి తిప్పే చోటు కూడా మిగల్లేదు. ఇన్ని జాతుల సేనతో ఇన్ని పనులు వరసగా సరైన వేళకి జరిపించిన ఇంకో యుద్ధం ఆ కాలంలో నాకు కనపడదు.

కోటల దగ్గర లెక్క తిరగబడుతుంది. టైర్ నగరం ఒడ్డుకి సుమారు 800 మీటర్ల దూరంలో, ద్వీపం మీద ఉండేది. అలెగ్జాండర్ పాత టైర్ రాళ్లు, లెబనాన్ కలప తెప్పించి సముద్రంలో కట్ట వేయించాడు. టైర్‌వాళ్లు ఒక ఓడలో తారు, గంధకం నింపి, ముక్కు పైకి లేచేలా వెనక బరువులు పెట్టి, దాన్ని కట్ట మీదికి తోలి అక్కడి బురుజుల్ని తగలబెట్టారు. అలెగ్జాండర్ కట్టను వెడల్పు చేయించాడు. ఫినీషియా, సైప్రస్ నౌకలు తన వైపు వచ్చేశాక గోడ బద్దలుకొట్టే యంత్రాల్ని ఓడల మీదికెక్కించి దక్షిణపు గోడ పగలగొట్టాడు. ఏడు నెలలు పట్టింది. ఈ టైర్‌వాళ్లు నాటిన వలసే హన్నిబాల్ పుట్టిన కార్తేజ్.

హన్నిబాల్ కూడా స్పెయిన్‌లోని సగుంటమ్‌ని ఎనిమిది నెలలు ముట్టడించి పట్టాడు, ముట్టడి చేతకానివాడేం కాదు. ఇటలీలో మాత్రం ముట్టడి యంత్రాలు లేవు, చేతిలో మంచి రేవు లేదు, ఒకేచోట నెలల తరబడి కూర్చుంటే గుర్రాలకు మేత దొరకదు. కానే నుంచి నేరుగా రోమ్ మీదికి వెళ్లలేదని అతన్ని తప్పుపట్టేవాళ్లు ఇది మరిచిపోతారు.

శత్రువు తేడా ఇంకా పెద్దది. పర్షియాలో డేరియస్ పారిపోతే యుద్ధం సగం ముగిసినట్టే. బాబిలోన్, సూసా నగరాలు తలుపులు తెరిచేశాయి. రోమ్‌లో అలా పారిపోతే పని అయిపోయే మనిషే లేడు. కానేలో ఒక కాన్సుల్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకుల్లో ఒకరు) చచ్చిపోయాడు, అయినా రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ సంధి మాటే ఎత్తలేదు. బందీలను విడిపించడానికి డబ్బు ఇవ్వనంది, ప్రభుత్వ ఖర్చుతో 8,000 మంది బానిసల్ని కొని సైన్యంలో చేర్చింది. కాపువా లాంటి ఇటలీ నగరాలు హన్నిబాల్ వైపు వచ్చాయి గానీ, వాటిని కాపాడటమే అతనికి భారమైంది. క్రీ.పూ. 211లో కాపువా మళ్లీ రోమన్ల పాలైంది.

మనుషుల్ని పట్టి ఉంచడంలో నా మొగ్గు హన్నిబాల్ వైపే. జీతాలు సరిగా అందని సేన అన్నేళ్లలో ఒక్కసారీ అతని మీద తిరగబడలేదు. అలెగ్జాండర్ ఒళ్లంతా గాయాలతో ముందువరసలో పోరాడాడు, అందుకే సైనికులు ప్రాణం పెట్టారు. కానీ పురుషోత్తముడి మీద గెలిచాక బియాస్ నది దగ్గర ఆ సైనికులే ఇక ముందుకు అడుగు వేసేది లేదన్నారు, క్రీ.పూ. 324లో ఓపిస్‌లో మళ్లీ ఎదురుతిరిగారు. పార్మేనియన్‌ను చంపించాడు. గ్రానికస్ యుద్ధంలో తన ప్రాణం కాపాడిన క్లైటస్‌ను తాగిన మత్తులో స్వయంగా పొడిచాడు. క్రీ.పూ. 323లో 32 ఏళ్లకే పోయేనాటికి పాలించగల వారసుడు లేడు. సేనానులు రాజ్యాన్ని ముక్కలు చేసుకున్నారు.

క్రీ.పూ. 202లో జామా దగ్గర హన్నిబాల్ ఓటమికి పెద్ద కారణం, నుమీడియా గుర్రాల్లో ఎక్కువ భాగం నుమీడియా రాజు మసినిస్సాతో కలిసి రోమన్ సేనాని స్కిపియో వైపు ఉండటం. కానేలో తాను వేసిన ఎత్తే అక్కడ తన వీపు మీదికి వచ్చింది. ఆ తర్వాత కూడా అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్రీ.పూ. 196లో కార్తేజ్ అధికారిగా ఎన్నికై, జీవితాంతం కదలని న్యాయాధిపతుల పదవిని ఏటా ఎన్నికకు మార్చాడు, ఖజానాలో దొంగలెక్కలు పట్టుకున్నాడు. ఓడినందుకు రోమ్‌కి యాభై ఏళ్లలో కట్టాల్సిన 10,000 టాలెంట్ల (వెండి తూకపు కొలత) జరిమానాలో మిగిలినదంతా ఒకేసారి ఇచ్చేస్తామని క్రీ.పూ. 191లో కార్తేజ్ రోమ్‌కి చెప్పగలిగింది. అప్పటికి దొంగలెక్కలవాళ్ల పగ వల్ల అతను దేశం విడిచి నాలుగేళ్లయింది.

చదివేటప్పుడు అంకెల దగ్గర ఆగండి. పర్షియా సైన్యం పది లక్షలన్న మాట నమ్మదగ్గది కాదు, ఆ నేల అంతమందికి తిండి పెట్టలేదు. కానేలో చనిపోయిన రోమన్లు పాతకాలపు చరిత్రకారుల్లో పాలిబియస్ లెక్కలో 70,000 అయితే, లివీ లెక్కలో 48,000 చిల్లర. ఆల్ప్స్ దిగిన సేన అంకె మాత్రం గట్టిది. దాన్ని దక్షిణ ఇటలీలోని లాకీనియమ్ దగ్గర హన్నిబాలే కంచు పలక మీద చెక్కించాడు, పాలిబియస్ స్వయంగా చూసి రాసుకున్నాడు.