సమాధానం: ఎర్రగడ్డ సంతలో దొరికిన యాపిల్ 2ఇ కార్డు ఏమిటి?

ఫొటోలు చూశానండి. స్టిక్కర్ ఊడిపోయినా ఇది సూపర్ సీరియల్ కార్డు (పాత యాపిల్ 2ఇ కంప్యూటర్‌కు ప్రింటర్, మోడెమ్ లాంటివి తగిలించే బోర్డు), లేదా దాని నకలు. 28 కాళ్ల 6551 చిప్, పక్కనే 1.8432 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 1488, 1489 చిప్‌ల జత: ఇదంతా ఆర్‌ఎస్-232, అంటే డేటాను ఒక్కో బిట్టుగా పంపే సీరియల్ కనెక్షన్ సరంజామా. ఏడేసి మీటలున్న రెండు డిప్ స్విచ్‌లు, బాణం గుర్తున్న జంపర్ బ్లాకు (తీసి తిప్పి పెట్టే కనెక్షన్ ముక్క) చూశాక నాకైతే సందేహం లేదు.

దయచేసి వెంటనే కంప్యూటర్‌లో గుచ్చకండి. కార్డు అంచున 25వ పిన్ను 5 వోల్టులు, సరిగ్గా దాని వెనక 26వది గ్రౌండు. మల్టీమీటర్‌తో ఆ రెంటి మధ్య షార్ట్ ఉందేమో చూడండి. అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కోఠిలో దొరుకుతుంది. మదర్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరిందని చూసుకున్నాకే, చిప్‌లు పవర్ సప్లైకి అవతలివైపు, అంటే కుడికి ఉండేలా 2వ స్లాట్‌లో పెట్టండి. తిరగేసి పెడితే 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి చిప్‌లు కాలిపోతాయి.

తర్వాత మెషీన్ ఆన్ చేసి, బేసిక్ భాషలో 49669, 49671, 49675, 49676 అడ్రసులను పీక్ చేయండి, అంటే PEEKతో అక్కడున్న అంకెలు చదవండి. వరసగా 56, 24, 1, 49 వస్తే ఖాయం. చదివిన ప్రతిసారీ అంకెలు మారుతుంటే రోమ్ చిప్ (కార్డు ప్రోగ్రాం ఉండే చిప్) సాకెట్‌లో సరిగ్గా కూర్చోలేదేమో. మెషీన్ ఆపి, తీసి మళ్లీ నొక్కండి.

ప్రింటర్ పెట్టేటట్టయితే జంపర్ బ్లాకు మీది బాణం టెర్మినల్ (TERMINAL) అని రాసున్న వైపు ఉండాలి.