బస్సు ర్యాప్ ఫైలు సేవ్ కాకపోవడానికి కారణం, పరిష్కారం

నమస్కారం అండీ. 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న బస్సు పక్కభాగానికి అంటించే ర్యాప్ (ముద్రించిన స్టిక్కర్ పొర) కోసం 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) చేసిన డిజైన్ ఫోటోషాప్‌లో దాని మామూలు ఫైలు రకమైన పీఎస్‌డీగా సేవ్ కావడం లేదని రాశారు. లోపం మీ కంప్యూటర్‌ది కాదు. ఆ కొలతలకు చిత్రం పొడవు సుమారు 1,41,700 పిక్సెళ్లు అవుతుంది. పీఎస్‌డీ ఫైలు పరిమితి 30,000 పిక్సెళ్లు, 2 జీబీ మాత్రమే.

పెద్ద చిత్రాల కోసం ఉన్న ఫోటోషాప్ ఫైలు రకమైన పీఎస్‌బీగా మారిస్తే 3,00,000 పిక్సెళ్ల వరకు వీలుంటుంది గానీ, సీఎంవైకేలో (ముద్రణకు వాడే నాలుగు రంగుల పద్ధతి) లేయర్లన్నీ (డిజైన్‌లోని విడివిడి పొరలు) కలిపేశాక కూడా అసలు డేటానే దాదాపు 20 జీబీ ఉండే ఆ ఫైలుతో ముద్రణకు అదనంగా ఒరిగేదేమీ లేదు. బస్సును జనం కొన్ని మీటర్ల దూరం నుంచే చూస్తారు కాబట్టి, అసలు కొలతలో 72 నుంచి 100 డీపీఐ సరిపోతుంది. 72 దగ్గర అదే డేటా సుమారు 1.2 జీబీకి దిగుతుంది. పొడవు అప్పటికీ 34,000 పిక్సెళ్లు ఉంటుంది కనుక పీఎస్‌బీనే వాడండి. పదో వంతు కొలతలో పనిచేస్తే 720 డీపీఐ పెట్టాలి, బ్లీడ్‌ను (కత్తిరింపు కోసం అంచు దాటి వదిలే అదనపు భాగం) కూడా అదే నిష్పత్తిలో లెక్కించాలి.

దయచేసి అక్షరాలనూ లోగోనూ ఈ చిత్రంలో కలపకండి. వాటిని ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్‌గా (పిక్సెళ్లతో కాకుండా గీతల లెక్కలతో గీసిన రూపంలో) ఉంచితే ఎంత పెద్దవి చేసినా అంచులు చెదరవు. లేయర్లున్న మూలఫైలును భద్రపరచి, ముద్రణకు ఫ్లాటెన్ చేసిన (లేయర్లన్నీ ఒక్కటిగా కలిపిన) ప్రతిని మాత్రమే పంపండి.