డబ్బు ఇస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసమే

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు. పెద్దలు లేకుండా పిల్లలే అన్ని పనులూ చేసుకునే రియాలిటీ షోకి పంపాం. బాధ్యత అలవడుతుందని ఆశపడ్డాం. అక్కడ గంజి వారుస్తుంటే మోచేతి దాకా కాలింది. గాయాలకు సంస్థ బాధ్యత లేదని నేనే సంతకం చేశానట. కాపీ తీసుకోలేదు. ఇప్పుడు కొంత డబ్బిచ్చి రాజీపత్రం అడుగుతున్నారు, దాని నకలు పంపుతున్నాను. కుమిలిపోతున్నాను. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. గంజి వారుస్తున్నప్పుడు బాబు పక్కన పెద్దవాళ్లెవరున్నారు? కేసు తేలేది ఇక్కడే. 14 ఏళ్లలోపు పిల్లలు టీవీలో నటించవచ్చు. కానీ బాలకార్మిక చట్టం నియమాల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, పని రోజుకు 5 గంటలు మించకూడదు, ప్రతి ఐదుగురు పిల్లలకూ ఒక బాధ్యుడు ఉండి తీరాలి. ఇది పని కాదు, శిక్షణ అని సంస్థవాళ్లు అంటారు. 2007లో అమెరికాలో ఇలాంటి షోలో వంట చేస్తూ ఒక బాలికకు ముఖం కాలినప్పుడు కూడా సమ్మర్ క్యాంప్ లాంటిదే అన్నారు. కెమెరా ముందు వండించి ప్రసారం చేస్తే అది పనే.

మీరు పంపిన రాజీపత్రం మూడో పేరా చదివారా? ‘ప్రమాద సమయంలో పర్యవేక్షకుడు పక్కనే ఉన్నాడు’ అని ఉంది. వాళ్లు డబ్బు ఇస్తున్నది ఆ వాక్యానికే. దానిమీద సంతకం చేయకండి, చెక్కు ముట్టుకోకండి. చేశారంటే మీ అబ్బాయికి ఎదురు సాక్షి మీరే అవుతారు.

పాత సంతకానికి భయపడనక్కర్లేదు. మీరు హిందువులైతే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం, తండ్రి తన మాటతో మైనరును వ్యక్తిగతంగా కట్టిపడేయలేడు. అయినా చదవకుండా, కాపీ కూడా లేకుండా పిల్లవాణ్ని అప్పగించడం ఏమిటండీ? బాలకార్మిక చట్టం నియమాల ప్రకారం పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బాబు పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చేశారా? అదీ కనుక్కోండి.

బాబు దావాకు కాలపరిమితి అతను మేజరయ్యాకే మొదలవుతుంది. క్రిమినల్ ఫిర్యాదుకు ఆ వెసులుబాటు లేదు. ఫుటేజీ అయితే ఎప్పుడైనా చెరిగిపోవచ్చు. అందుకే ఎడిట్ చేయని ఫుటేజీని, కాల్‌షీట్లను (ఎవరు ఎప్పుడు షూటింగ్‌లో ఉండాలో రాసే పట్టికలను) భద్రపరచాలని ఈ వారంలోనే సంస్థకు లాయర్ నోటీసు ఇప్పించండి. పెద్దలు లేరని చెప్పుకున్న ప్రోమోను డౌన్‌లోడ్ చేసి, ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. షూటింగ్ జరిగిన జిల్లా కలెక్టరేట్‌లో అనుమతి ప్రతి కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆసుపత్రి కేస్‌షీటు నకలు తీసుకుని, వీటితో కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.