పంచ్ కార్డుల నుంచి ఫ్లాపీల దాకా: డేటాను ఎలా కాపాడుకునేవాళ్లం

మీరు రెండు విషయాలు అడిగారు. అంత తక్కువ జాగాతో అప్పట్లో ఎలా నెట్టుకొచ్చారు, ఇంట్లో దొరికిన పాత ఫ్లాపీలను ఇప్పుడు చదవగలమా అని. నేను పంచ్ కార్డుల మీద పని నేర్చుకున్నవాణ్ణి, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

పంచ్ కార్డంటే అక్షరాలను రంధ్రాలుగా పొడిచే దళసరి కాగితపు అట్ట. అందులో 80 నిలువు వరుసలు ఉండేవి, వరుసకు ఒక అక్షరం. ప్రోగ్రామ్‌లో ఒక లైనుకు ఒక కార్డు. 500 లైన్లంటే 500 కార్డుల కట్ట. తప్పు దొర్లితే దిద్దే వీలు లేదు, కొత్త కార్డు పంచ్ చేసి ఆ చోట పెట్టాలి. ఒకసారి మెట్ల మీద నా కట్ట చేజారింది. చివరి ఎనిమిది వరుసల్లో కార్డు నంబర్లు వేయడానికి చోటున్నా నేను వేయలేదు. ప్రోగ్రామ్ లైన్లన్నీ ప్రింట్ చేసిన కాగితం పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా ఒక్కొక్కటీ పేర్చాను. ఆ తర్వాత నంబర్లు వేయకుండా ఏ కట్టా వదల్లేదు. కట్ట పై అంచు మీద మార్కర్‌తో ఏటవాలుగా గీత కూడా గీసేవాణ్ణి. కార్డు చోటు మారితే గీత తెగినట్టు కనిపిస్తుంది.

ఆ 80 అక్షరాల్లోనే పేరు, నంబరు, మొత్తం, తేదీ అన్నీ ఇరికించాలి. అందుకే సంవత్సరానికి రెండంకెలే రాసేవాళ్లం. 2000 సంవత్సరం వచ్చేసరికి, 00 అంటే కంప్యూటర్లు 1900 అనుకుంటాయేమోనని అందరూ పడిన టెన్షన్‌కు మూలాల్లో ఇదొకటి.

డిస్కులు అప్పటికే ఉన్నాయి. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్ యూనిట్‌లో రెండడుగుల వెడల్పున్న 50 పళ్లేలు ఉండేవి, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలే. తర్వాత డిస్కులు పెరిగినా చాలాకాలం ఖరీదైనవే. పెద్ద ఫైళ్లన్నీ అయస్కాంత టేపుల మీదే.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి టేపులదే. 2400 అడుగుల రీలు మీద, అంగుళానికి 1600 అక్షరాల చొప్పున పెద్ద బ్లాకులుగా రాస్తే 40 ఎంబీ దాకా పట్టేది. కానీ టేపు మధ్యలో ఒక్క రికార్డును మార్చడం కుదరదు. అందుకని పాత మాస్టర్ టేపును, అంటే అసలు ఫైలు మొత్తం ఉన్న టేపును, ఒక డ్రైవ్‌లో, ఆ రోజు మార్పులను అదే వరుసలో సార్ట్ చేసి ఇంకో డ్రైవ్‌లో పెట్టి, రెంటినీ చదువుతూ మూడో టేపు మీద కొత్త మాస్టర్ రాసేవాళ్లం. పాతది చెక్కుచెదరకుండా అలాగే ఉండేది. ఇలా వరుసగా వచ్చిన మూడు టేపులను తాత, తండ్రి, కొడుకు అనేవాళ్లం. కొడుకు పాడైతే తండ్రి టేపు, ఆ రోజు మార్పులు మళ్లీ ఎక్కించి నడిపితే చాలు, అంతా తిరిగొచ్చేది. తాతను వేరే గదిలో ఉంచేవాళ్లం. రీలు వెనక గాడిలో ప్లాస్టిక్ రింగు లేకపోతే డ్రైవ్ రాయదు. మాస్టర్ రాయడం పూర్తయ్యాక ఆ రింగు తీయడం నేను ఏనాడూ మరిచిపోలేదు.

తర్వాత ఫ్లాపీలు వచ్చాయి. ఐదుంపావు అంగుళాల దాంట్లో 360 కేబీ. హార్డ్ డిస్క్ లేని పీసీలో ఒక డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్, రెండోదాంట్లో మన ఫైళ్లు. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే, కాబట్టి ఏ ఫ్లాపీలో ఏముందో నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం. మీ ఫ్లాపీలతో పాటు అలాంటి పుస్తకం ఏమైనా ఉందేమో వెతకండి.

ఇక మీ ఫ్లాపీల సంగతి. మూడున్నర అంగుళాలవైతే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ సరిపోతుంది. ఐదుంపావువి అయితే పాత డ్రైవ్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే తగిన కంట్రోలర్ కావాలి. ముందు మూడున్నరదైతే షట్టర్ (జరిగే చిన్న మూత) జరిపి లోపల చూడండి, ఐదుంపావుదైతే కవరులోని కిటికీలోంచే కనిపిస్తుంది. బూజు ఉంటే డ్రైవ్‌లో పెట్టొద్దు, డ్రైవ్‌లో చదివే భాగం (హెడ్) పాడై తర్వాతి ఫ్లాపీలనూ గీరేస్తుంది. పెట్టేముందు రాయకుండా లాక్ చేయండి. మూడున్నరలో మూలనున్న చిన్న రంధ్రం తెరిచి ఉంచాలి. ఐదుంపావులో అందుకు సరిగ్గా ఎదురు, పక్కనున్న గాటును అంటించే టేపుతో మూసేయాలి. మొదటిసారి చదవగానే మొత్తం ఇమేజ్‌గా, అంటే ఫ్లాపీ అంతటినీ ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, కాపీ చేసుకోండి, రెండోసారి చదువుతుందన్న నమ్మకం లేదు.