రూట్ కెనాల్‌కు వైద్యసేవ కార్డు పనికొస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు. నాకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను పుచ్చింది. రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టడం లేదు. మాత్రలు వేసుకుంటే నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతోంది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలంటున్నారు. ఎన్టీఆర్ వైద్యసేవలో చేస్తారా? షుగర్ ఉన్నవాళ్లు పన్ను పీకించుకోవచ్చా?

జవాబు: రూట్ కెనాల్, క్యాప్, సిమెంటు నింపడం, కట్టుడు పళ్లు ఆ కార్డు మీద రావమ్మా. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ఆస్పత్రిలో చేర్చుకుని చేసే పెద్ద చికిత్సల కోసం పుట్టింది. పేరు మారినా ఆ పద్ధతే నడుస్తోంది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లోనూ అంతే. జబ్బు వల్లో దెబ్బ వల్లో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే తప్ప పంటి చికిత్సకు డబ్బు ఇవ్వరు. దవడ విరిగితే, నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అవసరమైతే కార్డు ఆదుకుంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి బాగుచేయగల పన్నుకు మాత్రం పైసా రాదు.

ఇది మారాలి. అయితే పీకడానికి మాత్రమే డబ్బిస్తే నిలబెట్టగల పళ్లను కూడా జనం పీకించేసుకుంటారు. అందుకే సిమెంటు నింపడం, రూట్ కెనాల్, క్యాప్ కలిపి ఇవ్వాలి. దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయకుండా వదిలేస్తే నమిలే ఒత్తిడికి చీలిపోతుంది, పెట్టిన ఖర్చంతా వృథా. చేయని పనికి బిల్లు పెట్టకుండా ముందూ తర్వాతా ఎక్స్‌రే తప్పనిసరి చేయాలి. పళ్లన్నీ ఊడిన పెద్దవాళ్లకు కట్టుడు పళ్ల సెట్టు కూడా చేర్చాలి. నమల్లేక గంజి, మెత్తటి అన్నంతో సరిపెట్టుకునేవాళ్లకు షుగర్ ఎలా అదుపులో ఉంటుంది?

ఇక మీ పన్ను సంగతి. లోపలి నరం చచ్చిపోతే అక్కడికి రక్తం అందదు, యాంటీబయాటిక్ కూడా చేరదు. మాత్రలకు తగ్గి మళ్లీ రావడం అందుకే. లోపలిది శుభ్రం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి దంత విభాగంలో ముందు చూపించుకోండి. రూట్ కెనాల్‌కు డెంటల్ కాలేజీల్లో బయటికంటే తక్కువ అవుతుంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీ కడపలో ఉంది. మీ అబ్బాయికి ఉద్యోగంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండి, మీరు అతని మీద ఆధారపడి ఉంటే ఈఎస్ఐ ఆస్పత్రిలో పంటి వైద్యం దొరుకుతుంది. అది కూడా కనుక్కోండి.

షుగర్ ఉన్నా పన్ను పీకించుకోవచ్చు, అదుపులో ఉండాలంతే. ఉదయం పూట వెళ్లండి. టిఫిన్, షుగర్ మాత్ర మానొద్దు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రిపోర్టు (HbA1c) తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. పీకాక దూది అరగంట కొరికి పట్టుకోండి. ఆ రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. అలా చేస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడుతుంది, నొప్పి భరించలేరు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి.

వాపు మీద బయట కాపడం పెట్టొద్దు. గడ్డం కింద వాచినా, నోరు తెరుచుకోకపోయినా, మింగుడుపడకపోయినా, ఊపిరి కష్టమైనా రాత్రని చూడకుండా 108కి ఫోన్ చేయండి. చీము మెడలోకి దిగుతుండొచ్చు. అప్పుడు ఆస్పత్రిలో చేరాల్సిందే కాబట్టి వైద్యసేవ కార్డు వెంట ఉంచుకోండి, వర్తిస్తుందేమో అక్కడి హెల్ప్‌డెస్క్‌లో మీవాళ్లను అడగమనండి.