అంతా కర్మే అయితే మన చేతుల్లో ఏముంది?

"అంతా పూర్వజన్మ కర్మేనని బౌద్ధులు కూడా అంటారుగా, మరి పంచశీలాలు పాటించి, ధ్యానం చేసి ఏం లాభం?" అని ఒకరు అడిగారు. నేను పండితుణ్ని కాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా చేసినవాణ్ని. ఈ విషయం నాకు అక్కడే తలకెక్కింది.

తేమ పేరుతో టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంత అని తరుగు తీసేవాళ్లం. యజమాని చెప్పాడని నేను ఇంకో కిలో కలిపి రాసేవాణ్ని. ఒకసారి పల్నాడు రైతు ఒకాయన తూకం, డబ్బు లెక్క రాసిన చీటీ, అదే తక్‌పట్టీ రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "నా ఖర్మ బాబూ" అంటూ వెళ్లిపోయాడు. నేనూ "మనదేముంది, చెప్పింది రాశాం" అనుకున్నాను.

మనం 'ఖర్మ' అంటే నెత్తిన పడింది అనే అర్థంలోనే వాడతాం. బుద్ధుడు చెప్పింది వేరు. చేతననే కర్మ అంటున్నానని బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉంది, అంటే తలచి చేసే పని. ఆ లెక్కన అక్కడ కర్మ రైతుది కాదు, పెన్ను పట్టుకున్న నాది.

అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమే అనేవాళ్లనూ, అంతా దేవుడు చేసిందే అనేవాళ్లనూ, ఏ కారణమూ లేదనేవాళ్లనూ ఆయన ఒకే గాట కట్టాడు. అలాగైతే చేయదగింది, చేయరానిది అనే తేడాయే మిగలదన్నాడు. దారపు ఉండ విసిరితే చివరిదాకా విప్పుకున్నట్టు జన్మలు వాటంతటవే తీరిపోతాయన్న, తన కాలపు మరో గురువు మక్ఖలి గోశాలుణ్నయితే మరీ గట్టిగా ఖండించాడు.

అలాగని అంతా మన ఇష్టమేననీ అనలేదు. ఇష్టం కూడా కారణాల వల్లే పుడుతుంది. నా విషయంలో యజమాని భయం, ఇంటద్దె, అలవాటు. మన ప్రయత్నం కూడా ఆ కారణాల్లో ఒకటి, అంతే. ప్రయత్నించే ఆ 'నేను' ఎవరని తవ్వడం మొదలుపెడితే బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి దాకా పోవాలి, నాకంత ఓపిక లేదు.

శీలం దేనికని శిష్యుడు ఆనందుడు అడిగితే, పశ్చాత్తాపం లేకుండా ఉండటానికి అన్నాడు బుద్ధుడు. దాన్నుంచి సంతోషం, ప్రశాంతి, సమాధి, చివరికి విముక్తి. నాకు తెలిసింది దీని రెండో వైపు. రాత్రి కళ్లు మూసుకుని కూర్చుంటే ఊపిరి మీద మనసు నిలిచేది కాదు, ఆ మడిచిన తక్‌పట్టీ కనబడేది.

తర్వాతి సీజన్‌లో కాటా ఎంత చూపిస్తే అంతే రాశాను. రెండో వారానికే నన్ను కోల్డ్ స్టోరేజీ లెక్కలకు పంపేశారు, పైడబ్బులు పోయాయి. ఆ ఏడాదంతా ఇంట్లో టెన్షనే. ధ్యానానికి కూర్చుంటే ఇప్పుడు మోకాళ్ల నొప్పి తెలుస్తోంది. ఆ కాగితం మాత్రం రావడం లేదు.