సహాయక వసతి గృహంలో (గదితో పాటు సిబ్బంది తోడ్పాటు కూడా దొరికే చోట) ఉండేవారి కుక్కలకు, పిల్లులకు వైద్యం సరిగ్గా అందాలంటే సిబ్బంది ఏం చేయాలి?

ముందు తేల్చుకోవాల్సింది, యజమాని ఆసుపత్రిలో చేరితే జంతువును ఎవరు చూస్తారన్నది. ఇది తేలకే కొందరు తమ చికిత్సను వాయిదా వేసుకుంటారు. ఒక కాగితం మీద జంతువును చూసుకునే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, తిండి కొలత, వాడుతున్న మందులు, అత్యవసర వైద్యానికి అనుమతి, ఖర్చు పరిమితి రాయించి సంతకం తీసుకోండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినవచ్చు, కాబట్టి ‘రేపు చూద్దాం’ కుదరదు.

కుక్కపిల్లలకు, పిల్లికూనలకు టీకాలు 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోసారి వేయించాలి. అపాయింట్‌మెంట్ ఇప్పించి ఊరుకుంటే పని జరగదు. తీసుకెళ్లే బుట్ట, బండి, తోడు మనిషి కూడా కుదరాలి. వైద్యుడే భవనానికి వస్తే ఇంకా మేలు.

ఫ్లీ పురుగులు (జంతువుల ఒంటి మీద చేరి రక్తం పీల్చే చిన్న పురుగులు) ఒక గదిలో కనబడితే ఆ ఒక్క జంతువుకే మందు వేసి లాభం లేదు. వాటి ప్యూపాలు (పెద్ద పురుగుగా మారకముందు గూటిలో ఉండే దశ) తివాచీలో దాగి వారాల తర్వాత కూడా బయటికొస్తాయి. భవనంలోని కుక్కలకు, పిల్లులకు అన్నిటికీ కనీసం 3 నెలలు వరుసగా వేయాలి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి పొరపాటున వేశారో, ప్రాణం మీదికొస్తుంది. యజమాని మింగే పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే.